పల్లవికి రాని పాట

ఆ రోజుల్లో నాకు సంగీతం వచ్చని గట్టి నమ్మకం ఉండేది. ఇప్పుడా నమ్మకం లేదు గానీ, తల్చుకుంటే ముచ్చటేస్తుంది. న్యూజెర్సీలోని పిస్కాటవేలో చదువు ముగించి, ఆ పక్కనే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో, మాత్ర నీళ్ళలో ఎన్ని నిమిషాలకు కరుగుతుందో చూసి రాసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. వారమంతా మాత్రలు, ఆదివారం మధ్యాహ్నం కీబోర్డు. మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు పొద్దున తమ ఆరాధన ముగించుకొని వెళ్ళాక, రెండు గంటల నుంచి ఆ భవనం మాది. కీబోర్డు వాయించగలిగినదాన్ని సంఘం మొత్తానికి నేనొక్కదాన్నే కాబట్టి అందరూ నన్ను కీబోర్డ్ అమ్మాయి అనేవాళ్ళు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు భూమ్మీద కాళ్ళు ఆనేవి కావు.

నా విద్య ఎంత లోతైనదో కూడా చెప్పేస్తాను. కాకినాడలో సండే స్కూల్లో నేర్చుకున్నది, నల్ల మెట్లు అక్కర్లేని సి స్కేలు ఒక్కటే. పాట ఏ శ్రుతిలో ఉన్నా నా వేళ్ళు ఆ తెల్ల మెట్ల మీదే నడిచేవి. మిగతా సంగతి ట్రాన్స్‌పోజ్ బటన్ చూసుకునేది. (ఆ బటన్ నొక్కితే, మనం వాయించేది పాత మెట్ల మీదే అయినా శ్రుతి మారి వినిపిస్తుంది. దాన్ని కనిపెట్టినవాళ్ళ కోసం మా సంఘాల్లో ఒక ప్రత్యేక స్తుతి కూడిక పెట్టాలని ఇప్పటికీ నా అభిప్రాయం.) తాళానికి ఇంకో బటన్. పెళ్ళి పాటకైనా, కానుకల పాటకైనా నేను నొక్కే రిథమ్ ఒకటే. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడాన్ని నేను మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను.

మా సంఘంలో పాటలు రాసే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. అరవై దాటిన మనిషి, భీమవరం వైపు వాళ్ళు, అమెరికా వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. ఎవరు కొత్త పాట పాడినా ముందు "పల్లవి ఏదమ్మా?" అని అడిగేవారు. అందుకే పిల్లలందరికీ ఆయన పల్లవి అంకుల్. పుట్టినరోజుకు పాట, గృహప్రవేశానికి పాట, ఒకసారి మా పాస్టర్ గారికి గ్రీన్‌కార్డు వచ్చినందుకు కూడా నాలుగు చరణాల పాట రాశారు. పాత కీర్తన వరస ఒకటి తీసుకోవడం, దాని మీద కొత్త మాటలు కూర్చడం ఆయన పద్ధతి. ఆయన భార్యను మేం గోంగూర ఆంటీ అనేవాళ్ళం. న్యూజెర్సీ చలిలో గోంగూర పండించి ఆదివారం భోజనానికి పచ్చడి తెచ్చిన మనిషిని ఇంకేమంటాం. ఆవిడ మొదటి వరసలో ఎడమ చివర కూర్చునేవారు. అంకుల్ కొత్త పాట పాడుతున్నప్పుడు ఎక్కడైనా మాటలు ఎక్కువయ్యాయనిపిస్తే ఆవిడ కళ్ళజోడు సర్దుకునేవారు, అంతే. పై ఆదివారానికి ఆ చరణం ఉండేది కాదు.

ఆ ముందటి ఏడాది చలికాలంలో ఆంటీ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. అంకుల్ ప్రతి ఆదివారం వచ్చేవారు, అదే వరసలో, పక్క కుర్చీ ఖాళీగా ఉంచుకొని కూర్చునేవారు. కానీ కలం ముట్టుకోలేదు. ఏడాది కావస్తుండగా జ్ఞాపకార్థ కూడిక పెట్టాలనుకున్నప్పుడు, ఆయనే పాస్టర్ గారితో, ఆ రోజుకి ఆమె మీద ఒక పాట రాసి పాడతాను, కార్యక్రమంలో వేయండి అన్నారు. అందరం సంతోషించాం. తీరా రాయబోతే వరస దొరకలేదు. తెలిసిన ప్రతి కీర్తనా ఆవిడ పక్కన కూర్చొని పాడిందే. మొదలుపెట్టగానే ఆవిడ గొంతు వినిపిస్తోందని, ఇద్దరూ ఎన్నడూ వినని వరస ఒకటి కావాలని నాతో అన్నారు. కూడికకు నెల కూడా లేదు. ఆయన పాట రాయలేకపోతే ఇక జన్మలో రాయరని సంఘంలో అందరం లోపల భయపడ్డాం. బయటికి మాత్రం, ఏం పర్లేదంకుల్ అదే వస్తుంది అనేవాళ్ళం.

సరిగ్గా అప్పుడే నాకా రికార్డు దొరికింది. ఆ చర్చి భవనానికి తాళాలు తీసి వేసే అమెరికన్ పెద్దాయన ఒకరుండేవారు. ఆరడుగుల పైన పొడుగు, మొలకు తాళాల గుత్తి. మేం ఆయన్ని తాళాలాయన అనుకునేవాళ్ళం. మా వంటకాల్లో చేపల పులుసు ఉన్న రోజున ఏమీ అనకుండా వంటగది కిటికీలన్నీ తెరిచి వెళ్ళడం తప్ప మాతో ఆయనకు పెద్ద సంబంధం లేదు. ఒక ఆదివారం మడత కుర్చీల కోసం బేస్‌మెంట్‌లోకి దిగితే, వాళ్ళ పాత సామాన్ల అమ్మకంలో మిగిలిపోయిన డబ్బాలు కనిపించాయి. ఒకదాంట్లో రికార్డ్ ప్లేయరు, దాని కింద ఎల్.పి. రికార్డులు. ఆశగా చూస్తుంటే తాళాలాయన, కావాలంటే తీసుకెళ్ళమన్నారు. పైన ఉన్న రికార్డు అట్టను ఒకసారి అరచేత్తో తుడిచి, ఇది మాత్రం జాగ్రత్త అన్నారు. అరవైల నాటి పాప్ ఆల్బమ్ అది. దాని పేరు ఇక్కడ చెప్పను. సంగీతం తెలిసినవాళ్ళు ఆ పేరు వింటే కుర్చీలో సర్దుకొని కూర్చుంటారట, దాని మీద పుస్తకాలే ఉన్నాయట. నేను చేసిన నిర్వాకం చదివాక వాళ్ళు నా కోసం వెతకడం నాకిష్టం లేదు.

ఇంటికి తెచ్చి నా రూమ్మేట్ ముందు గొప్పగా పెట్టాను. తనది కరీంనగర్. చర్చి, కీర్తన ఏదీ తెలియదు గానీ నా గొప్పలు మాత్రం బాగా తెలుసు. ఇద్దరం టీ పెట్టుకొని రికార్డు మొదలుపెట్టాం. కుర్రాళ్ళు ఒకరి గొంతు మీద ఒకరు గొంతు వేసి ఎంత బాగా పాడారో. ఒక పాట, రెండు పాటలు, మూడు. ఇంకాస్త ముందుకు పోయాక ఒకటి వచ్చింది. మెత్తగా గంటల్లాంటి వాయిద్యం (దాన్ని వైబ్రఫోన్ అంటారని చాలా ఏళ్ళకు తెలిసింది), దాని వెనక వయొలిన్లు. ఎవరో ఇప్పుడు పాడతారు, ఇప్పుడు పాడతారు అని చూస్తున్నాం. ఎవరూ పాడలేదు.

"ఏందే, ఎవ్వలు పాడుతలేరు?" అంది నా రూమ్మేట్.

నాకు తెలియని విషయమా అది. ట్రాక్ అన్నాను వెంటనే. మా వైపు చర్చి పాటల క్యాసెట్ కొన్నా, సీడీ కొన్నా చివర్లో అవే పాటలు గొంతు లేకుండా ఉంటాయి. దాన్ని ట్రాక్ అంటాం. క్రిస్మస్‌కి స్టేజి మీద ట్రాక్ పెట్టించుకొని, మైకు పట్టుకొని మనం పాడుకోవచ్చు. పాడేవాళ్ళకు లోకంలో ఉన్న భయమల్లా ఒకటే, సరిగ్గా సమయానికి ఎత్తుకోలేకపోతే ట్రాక్ మన కోసం ఆగదు. తొమ్మిదో ఏట కాకినాడలో నేను అలాగే నిలబడిపోయాను. పల్లవంతా నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. రెండో వరసలోంచి మా అమ్మ చెయ్యి ఊపుతూనే ఉంది, నేను మైకు నోటి దగ్గర పెట్టుకొని జనాన్ని చూస్తూనే ఉన్నాను. ఇంత అనుభవం ఉన్నదాన్ని కాబట్టి, ఈ అమెరికా కుర్రాళ్ళు కూడా వాళ్ళ చర్చిలో పాడుకోవడానికి ట్రాక్ వేశారని తేల్చేశాను.

"ఏ పాటది?" అంది రూమ్మేట్. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. అయినా తగ్గకుండా, ఆ రికార్డులో ఉన్న పాటలన్నీ ఒక్కొక్కటే దాని మీద పాడి చూశాను. ఒక్కటీ కుదరలేదు. రెండో పాట పాడుతుంటే ఆ అమ్మాయి దిండులో మొహం పెట్టుకొని నవ్వింది. ఏడోసారో ఎనిమిదోసారో ముల్లు మళ్ళీ మొదటికి పెట్టినప్పుడు నాకు పాడే ఓపిక లేక ఊరికే కూర్చున్నాను. అప్పుడు విన్నాను దాన్ని. ఆ గంటలు మెల్లగా ఒక మెట్టెక్కి ఆగుతాయి, వయొలిన్లు వచ్చి అక్కడి నుంచి అందుకుంటాయి. మధ్యలో తాళం సన్నబడి ఆగినంత పని చేస్తుంది, ఒక గిటారు జారుతూ ఏదో చెప్పబోయి మానేస్తుంది, తర్వాత అంతా కలిసి ఇంకో చోటికి వెళ్ళిపోతుంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో చెప్పలేను, ఇప్పటికీ చెప్పలేను. స్టవ్ మీద రెండోసారి పెట్టిన టీ పొంగి మంట ఆరిపోయింది, ఇద్దరం లేవలేదు. ఇంత గొప్పదాన్ని మనుషులు కూర్చారా అనిపించింది. అలా అనిపించిన మరు నిమిషమే, పాపం దీనికి మాటలు లేవే అని కూడా అనిపించింది. అక్కడే ఉంది నా తెలివంతా.

ఆదివారం పల్లవి అంకుల్ దగ్గరికి వెళ్ళి, మీకు వరస దొరికింది అన్నాను. ఇది ట్రాక్, దీని పాట మాత్రం రికార్డులో చోటు చాలక వదిలేసినట్టున్నారు, మాటలు మనమే రాసుకోవాలి అని ఎంత ధీమాగా చెప్పానంటే, ఆ కుర్రాళ్ళు నాకు ఫోన్ చేసి అప్పగించారేమో అనుకోవాలి. అంకుల్ వాళ్ళింటికి రికార్డ్ ప్లేయరు మోసుకెళ్ళి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకొని చివరిదాకా విన్నారు. తర్వాత సొరుగు తెరిచి కలం తీశారు. ఏడాది తర్వాత తీసిన కలం. సిరా ఎండిపోయి కాగితం మీద గీయలేదు, నా హ్యాండ్‌బ్యాగులోని బాల్‌పెన్ ఇచ్చాను. చాలా మంచి పని చేస్తున్నానని నా ఉద్దేశం.

మూడు శనివారాలు కూర్చున్నాం. మొదటి శనివారమే నా ట్రాన్స్‌పోజ్ బటన్ చేతులెత్తేసింది. ఆ వరస మొదలైన శ్రుతిలో ఉండదు, నడుస్తూ నడుస్తూ ఇంకో శ్రుతిలోకి దిగుతుంది. దిగిన చోట నేను ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో బటన్ నొక్కాలి. సరిగ్గా అక్కడే రెండు చేతుల పని ఉంది. ఒకసారి కంగారులో రిథమ్ బటన్ నొక్కితే, ఆ మెత్తటి వయొలిన్ల చోట మా క్రిస్మస్ కోలాటం దరువు దడదడలాడింది. అంకుల్ కళ్ళు తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకున్నారు. రెండో శనివారం ఆయన "ముందుగ నడిచిన నా తోడు" అని ఎత్తుకున్నారు. బాగానే ఉంది. కానీ 'తోడు' దగ్గర మాట అయిపోయింది, వరస అవలేదు. ఆ 'డు'ను పట్టుకొని ఆయన పైకి, ఇంకా పైకి, ఇంకా పక్కకు వెళ్ళి, ఊపిరందక మంచినీళ్ళు తాగారు. ఇంకో నాలుగు మాటలు చేర్చారు. అప్పుడు ఎవరో ధ్యానంలో ఉన్నవాళ్ళ పక్కన ఫోన్‌లో మాట్లాడుతున్నట్టుంది. తీసేశారు. గదినిండా కాగితం ఉండలు.

అన్నిటికన్నా ఆయన్ని బాధపెట్టింది వేరే. "ఎంత దూరం పోయినా పాటన్నది పల్లవికి రావాలి కదమ్మా. ఇది రాదేం?" అన్నారు. నిజమే, అది రాదు. మొదట్లో వచ్చిన ఆ గంటల వరస ఒకసారి వెళ్ళిందంటే చివరిదాకా మళ్ళీ కనిపించదు. అంకుల్ దాని కోసం మోకాలి మీద తాళం వేస్తూ ఎదురు చూసేవారు. ఇక్కడ వస్తుంది, వచ్చేస్తుంది అనేవారు. ఈలోగా అది మసకబారి ఆగిపోయేది. ఆయనకు దాని మీద కోపం కూడా వచ్చింది. వరస కట్టినాయన మతిమరుపు మనిషై ఉంటాడన్నారు. నేనేం తక్కువ తిన్నానా. దీన్ని నేను సరిచేస్తాను అన్నాను. (ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.) చివరి భాగం తీసేసి, మధ్యలోంచి వెనక్కి తిప్పి, మొదటి వరసకు అంటు కట్టాను. ఇప్పుడు పల్లవి వచ్చింది. వచ్చింది గానీ ఏదో పోయింది. ఇద్దరికీ తెలిసింది, ఇద్దరం అనలేదు. అప్పటికి మూడో శనివారం, కూడిక వారం రోజుల్లో ఉంది, కార్యక్రమం కాగితం మీద 'నూతన కీర్తన' అని అచ్చు కూడా అయిపోయింది.

ఆ మర్నాడు ఆదివారం, ఆరాధన అయ్యాక, అంకుల్ వంటగదిలో టీ దగ్గర ఉండగా నేను నా అంటుకట్టుడు వరసను సాధన చేస్తున్నాను. తాళాల చప్పుడు వినిపించింది. తాళాలాయన ఎన్నడూ లేనిది, కుర్చీల మధ్య నుంచి నడిచి కీబోర్డు దాకా వచ్చి, ఇది నాకు తెలుసు అన్నారు. నేను సంబరంగా మొత్తం వివరించాను. మీవాళ్ళ పాటకు మాటలు పోయాయి, మేం తెలుగులో రాసి పెడుతున్నాం అని. ఆయన, మాటలు ఎక్కడికీ పోలేదు, అసలు పెట్టలేదు, అది అంతే అన్నారు. పదిహేనేళ్ళప్పుడు ఆ రికార్డు కొనుక్కున్నారట. మిగతా పాటలన్నీ తనకు ఏమనిపిస్తోందో తనకే చెప్పేవట, ఇదొక్కటే ఏమీ చెప్పకుండా పక్కన ఉండేదట. ఆ పొడుగాటి మనిషి ఆ మాట అంటున్నప్పుడు తాళాల గుత్తిని చప్పుడు కాకుండా పిడికిట్లో పట్టుకున్నారు. వెళ్ళబోతూ ఆగి, చాలా మర్యాదగా, "దాన్ని వెనక్కి ఎందుకు తిప్పావమ్మా? అది వెనక్కి రాదు కదా" అన్నట్టుగా ఇంగ్లీషులో అడిగారు. నాకు సంగీతం వచ్చన్న నమ్మకం పోయింది ఆ క్షణంలోనే.

అంకుల్‌తో ఎలా చెప్పడం. ఏడాది తర్వాత కలం పట్టిన మనిషిని, లేని పాట కోసం మూడు వారాలు తిప్పాను. ఇక ఆరు రోజులే ఉంది, ఇంకో వరస వెతకడానికి వ్యవధి లేదు. సోమవారం చెబుదామనుకున్నాను, మంగళవారం అనుకున్నాను. ల్యాబ్‌లో మాత్రలు నా కళ్ళ ముందే కరిగిపోయాయి, ఎన్ని నిమిషాలకో రాసుకోలేదు. నా రూమ్మేట్ గురువారం దాకా చూసి చూసి ఇక ఊరుకోలేదు. "జెప్పెయ్యరాదే. పెద్దాయన ఎల్లుండి అందరి ముంగట నిలబడ్డంక జెప్తవా?" అంది. శుక్రవారం ఆఫీస్ నుంచి నేరుగా డ్రైవ్ చేసుకుంటూ అంకుల్ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేశాను. ట్రాక్ కాదంకుల్, పాటే అది, నాకు తెలియక చెప్పాను అని. ఆయన ముఖం ఎర్రబడింది.

"మూడు వారాలమ్మా," అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి కూర్చున్నారు. నేను చెప్పులు విడిచి వెనకే వెళ్ళి, ఏం చెయ్యాలో తెలియక కాగితం ఉండలు ఏరడం మొదలుపెట్టాను. కాసేపటికి, అది పెట్టు అన్నారు. రికార్డు పెట్టాను. ఈసారి ఆయన మోకాలి మీద తాళం వేయలేదు. దేని కోసమూ ఎదురుచూడలేదు. ఆగిపోయాక కూడా ముల్లు చివర్లో గరగరమంటూ తిరుగుతూనే ఉంది, నేను లేచి ఎత్తలేదు.

"తిరిగి రాదన్నమాట," అన్నారు.

"రాదంకుల్."

"నేను దాన్ని జుట్టు పట్టుకొని పల్లవికి లాక్కొస్తున్నాను. మీ ఆంటీ ఉంటే మొదటి రోజే కళ్ళజోడు సర్దేది," అని, ఆయన మొదట నవ్వారు, తర్వాత ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఏరిన కాగితం ఉండలు ఒళ్ళో పెట్టుకొని ఏడవడం వల్ల అవి అన్నీ మళ్ళీ కింద పడ్డాయి. మరి రేపెలా అంకుల్, కార్యక్రమంలో వేశారు కదా అంటే, అది అలాగే ఉండనీ, నువ్వు రికార్డు పట్టుకురా అన్నారు.

శనివారం మధ్యాహ్నం చర్చి నిండిపోయింది. రికార్డ్ ప్లేయరును కీబోర్డు పక్కన బల్ల మీద పెట్టి, దాని ముందు మైకు తాళాలాయనే అమర్చారు. (నా చేతులు పనికిరావని చూడగానే కనిపెట్టినట్టున్నారు.) పాస్టర్ గారు నూతన కీర్తన అని పిలిచారు. అంకుల్ తెల్ల చొక్కాలో వచ్చి మైకు పట్టుకొని, మా ఆవిడ నా పాటల్లో మాటలు ఎక్కువయ్యాయనేది అని ఒక్క మాట అన్నారు. జనం నవ్వారు. ఆయన నాకేసి తలూపారు. నేను ముల్లు దించాను.

గంటలు మొదలయ్యాయి. అంకుల్ మైకు పట్టుకొని నిలబడ్డారు. కొత్త ట్రాక్ బావుందని ఆడవాళ్ళ వైపు గుసగుసలు. ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది, అంకుల్ ఎత్తుకోలేదు. పాటల బృందంలో ఒక ఆంటీ ఆయన్ని చూసి తలూపింది, ఇప్పుడు అన్నట్టు. ఇంకోచోటు వచ్చింది, పోయింది. ఇంకొకావిడ చెయ్యే ఎత్తింది. పాస్టర్ గారు సాయం చేద్దామని చిన్నగా కూనిరాగం తీసి, ఎటు పోవాలో తెలియక ఆపేశారు. పాపం, మనిషి అందుకోలేకపోయాడని చర్చి చర్చంతా ఆయన కోసం బిగుసుకుపోయి కూర్చుంది. తొమ్మిదో ఏట స్టేజి మీద పడ్డ భయమంతా నాకు మళ్ళీ గుర్తొచ్చింది. అంకుల్ మాత్రం ఎవరి వైపూ చూడలేదు. మొదటి వరసలో ఎడమ చివరి ఖాళీ కుర్చీని చూస్తూ, మైకును మెల్లగా కిందికి దించారు.

అప్పుడు ఒక్కొక్కరికే అర్థమైంది. చెయ్యెత్తిన ఆవిడ చెయ్యి దించుకుంది. తాళం సన్నబడి ఆగినంత పని చేసే చోట చంటిపిల్లలు కూడా కదల్లేదు. ఆ తర్వాత వయొలిన్లన్నీ కలిసి లేచి, ఆ ఇంకో చోటికి వెళ్ళాయి. ఎన్నోసార్లు విన్నాను నేను దాన్ని, ముక్కలు చేశాను, అంటు కట్టాను. కానీ అది ఎంత పెద్దదో ఆ రోజే తెలిసింది. ఎక్కడో ఒక ఊళ్ళో, మాలో కొందరం పుట్టకముందు, కొందరం చదువుకుంటున్నప్పుడు, మా భాష వినని మనుషులు కూర్చి వదిలేసిన ఆ రెండు మూడు నిమిషాలు, భీమవరంలో పుట్టి న్యూజెర్సీలో గోంగూర పండించిన ఒక మనిషిని సాగనంపుతున్నాయి. అది వెనక్కి రాలేదు. దూరమై, దూరమై ఆగిపోయింది. చర్చి అంతా ఆమేన్ అంది, ఎవరూ చెప్పకుండానే.

(కూడిక అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆంటీలు అంకుల్ దగ్గరికి వెళ్ళి, పర్లేదండీ, సౌండ్ ఎక్కువ పెట్టడం వల్ల మీకు అందలేదు అని నన్ను చూస్తూ ఓదార్చారు. ఆయన ఎంతో సీరియస్‌గా వాళ్ళకు థాంక్స్ చెప్పారు. నేను ఆ నింద హాయిగా మోశాను. అంత చవగ్గా బయటపడతాననుకోలేదు.)

ఆ వేసవికి అంకుల్ మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. పల్లవి, చరణాలు, అన్నీ మామూలే. కానీ ప్రతి కొత్త పాటలోనూ చివరి చరణం తర్వాత ఒక పంక్తి ఖాళీగా వదిలి, పక్కన 'ఇక్కడ ఎవరూ పాడొద్దు' అని రాసేవారు. తాళంలో ఎనిమిది దెబ్బల సేపు అందరం నోరు మూసుకొని నిలబడాలి, తర్వాతే పల్లవి. కొత్తగా వచ్చినవాళ్ళు అచ్చుతప్పనుకొని ఆ ఖాళీలో ఒంటరిగా పాడేసి నాలుక కరుచుకుంటారు. ఇప్పటికీ అక్కడ అదే ఆచారమని విన్నాను. నేనైతే పెళ్ళయ్యాక టెక్సాస్ వచ్చేశాను. వచ్చేముందు రికార్డు తిరిగి ఇవ్వబోతే తాళాలాయన తీసుకోలేదు.

మొన్న ఇక్కడ ప్లేనోలో మా అమ్మాయిని ఈతకు దింపడానికి వెళ్తూ కార్‌లో ఫోన్ నుంచి ఆ పాటే పెట్టాను. తొమ్మిదేళ్ళ పిల్ల, వెనక సీట్లో కాళ్ళూపుతూ కాసేపు విని, "అమ్మా, సింగింగ్ ఎప్పుడు స్టార్ట్ అవుతుంది?" అంది. నాకు నవ్వొచ్చింది. పిస్కాటవేలో ఆ రోజు, పొంగిన టీ పక్కన, పాపం దీనికి మాటలు లేవే అని జాలిపడిన ఆ కీబోర్డ్ అమ్మాయి అచ్చం అలాగే అడిగింది. అడిగి ఊరుకున్నా బావుండేది, సరిచేస్తానని కూడా బయల్దేరింది. దాని ధీమా, దాని ఒకే ఒక్క స్కేలు, అన్నీ ఇప్పుడు నాకు ముద్దొస్తాయి. ఇంత గొప్పదాని మీద అంత ధైర్యంగా చెయ్యి వేయడం మళ్ళీ నా వల్ల కాదు. మా అమ్మాయికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ సిగ్నల్ దగ్గర ఆగాను. ఈలోగా పాట అయిపోయింది. అద్దంలో చూస్తే, కాళ్ళూపడం ఆపేసి కిటికీలోంచి బయటికి చూస్తోంది. కాసేపటికి, మళ్ళీ పెట్టమంది.